పిడికెడు బియ్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్ను గూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆదేశించిరి. నేను పండితుడను గాను. వక్తను అసలే గాను. బడిపంతులుగా జీవితము గడిపి, ఈ గ్రంథాలయమునకు మొదటి ఎనిమిది సంవత్సరములు కార్యదర్శిగా ఉండి, తాళపుచెవిని, లెక్కల పుస్తకమును మోసినవాడను. కావున లెక్కల మాట తప్ప వేరు మాట నాకు చేతకాదు. నేడు చెప్పబోవునదియు లెక్కల మాటయే. కొద్దిపాటి ధనము మంచి పనికి సకాలమున ఎట్లు చేరవలెను అనునదే నా విషయము.

ఈ విషయమునే ఎన్నుకొనుటకు కారణము మీకు తెలిసినదే. రజతోత్సవ నిధికి గ్రామస్థులును, పట్టణములలోను విదేశములలోను ఉన్న మన పిల్లలును విరాళములు పంపిరి. ఆ సొమ్ముతో ఊరి మొగదల దాతల పేర్లు చెక్కించిన తోరణము కట్టింపవలెనని కొందరు తలచుచున్నారు. అందులో కొంత భాగమును వేరుగానుంచి, ఏటేట గ్రామములోని చిన్న చిన్న సత్కార్యములకు, కళలకు సహాయముగా ఇయ్యవలెనని మరికొందరు తలచుచున్నారు. నిర్ణయము వచ్చే సర్వసభ్య సమావేశమున జరుగనున్నది. నేను రెండవ పక్షమువాడను. ఎందుకైతినో చెప్పుటకు ముందు, నేను చేసిన ఒక అపరాధమును మీ ముందు ఒప్పుకొనవలసియున్నది.

గ్రంథాలయము పెట్టిన మూడవ సంవత్సరమది. మన ఊరి ఒగ్గుకథకుడు, డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడు, ఒకనాటి సాయంకాలము ఇచ్చటికి వచ్చెను. ఆయన డోలు తోలు చినిగిపోయినది. బీరప్ప కథను ఆయన ఏడు రాత్రులు చెప్పగలవాడు. "సారూ, డోలుకు తోలేయించి ఓ పది క్యాసెట్లు ఇప్పియ్యిండ్రి. నేను చెప్త, పోరగాండ్లు పట్టుకుంటరు. నా కొడుకులకు ఈ కథ పూరాగ రాదు" అని అడిగెను. ఆయన లెక్కకు కావలసినది 600 రూపాయలు. అప్పుడు మన పెట్టెలో అంతకు మించిన సొమ్మే ఉన్నది.

నేనేమి చేసితిని? దరఖాస్తు వ్రాయించి తెమ్మంటిని. రెండు దుకాణముల ధరల చీటీలు జతపరుపుమంటిని. కార్యవర్గము కూడవలెనంటిని. ఆయనకు అక్షరము రాదు. దరఖాస్తు వ్రాయువాడు దొరకుటకు కొన్ని వారములు పట్టినవి. ధరల చీటీలకై జనగామకు రెండుసార్లు పోయివచ్చెను. కార్యవర్గము ఒకసారి కోరము లేక, ఇంకొకసారి కోతల వలన కూడలేదు. ఈ విధముగా నాలుగు నెలలు గడచినవి. ఐదవ నెలలో ఆయన జ్వరపడి కన్నుమూసెను. ఆ కథలో మన కుంటల పేర్లు, గుట్టల పేర్లు, ఇప్పుడు పాడుబడిన గూడెముల పేర్లు వచ్చెడివని పెద్దలు చెప్పుదురు. నేను విన్నది ఒక్క రాత్రి కథ మాత్రమే. తక్కిన ఆరు రాత్రుల కథ ఆయనతోనే పోయినది.

అటుపిమ్మట మనము ఘనముగా సంతాపసభ జరిపితిమి. మైకునకు, పూలదండలకు, కరపత్రములకు అయిన వ్యయము 740 రూపాయలు. ఆ చీటీపై సంతకము చేసినది నేనే. ఆ పద్దు నేటికిని మన లెక్కల పుస్తకమున ఉన్నది. బ్రతికియుండగా అడిగిన 600 ఇయ్యలేకపోయినవారము, చనిపోయిన పిదప 740 వ్యయపరచితిమి. నియమములన్నియు సక్రమముగా పాటింపబడినవి. కథ మాత్రము పోయినది.

ఆ సంవత్సరముననే కార్యవర్గమును బ్రతిమాలి ఒక చిన్న తీర్మానము చేయించితిని. వేయి రూపాయలకు లోపడిన సహాయమును కార్యదర్శియు మరి ఇరువురు సభ్యులును కలిసి, అడిగిన వారములోపల ఇయ్యవచ్చును. పని అయిన తరువాత దానిని గ్రామస్థుల ముందు చెప్పవలెను. ఆ తీర్మానము క్రింద మొదట వచ్చినవారు ఎనిమిదవ తరగతి చదువుచున్న నలుగురు బాలికలు. అవ్వలు పాడు బతుకమ్మ పాటలను, నాట్ల పాటలను వ్రాసికొందుము, నోటు పుస్తకములకు, కలములకు 90 రూపాయలు కావలెననిరి. ఆ సాయంకాలమే ఇచ్చితిమి. దసరా సెలవులు ముగియునప్పటికి మూడు పుస్తకములు నిండినవి. మూడవ పుస్తకములో తండా అవ్వలు తీజ్ పండుగనాడు పాడుకొను పాటలు లంబాడి భాషలో, మన అక్షరములలో వ్రాయబడియున్నవి. ఆ పాటలు పాడిన అవ్వలలో నేడు ఇరువురే మిగిలియున్నారు. పాటలు మాత్రము ఈ బీరువాలో ఉన్నవి. ఏటేట బతుకమ్మ వచ్చుటకు ముందు ఆ పుస్తకములను అడుగనివారు లేరు. ఆ నలుగురిలో ఒకామె నేడు ఉపాధ్యాయినియై ఈ సభలోనే కూర్చున్నది.

అన్ని సహాయములును ఫలించినవని నేను చెప్పుటలేదు. ఇరువురు యువకులు బడి ఆవరణములో కానుగ మొక్కలు నాటుటకు 400 రూపాయలు తీసికొనిరి. వేసవిలో నీరు లేక సగము ఎండినవి. మిగిలిన సగమును మేకలు తినినవి. వారు తప్పించుకొని తిరుగక, సభలో నిలిచి, "మొక్కలు కొన్నము గాని కంచె సంగతి తలచలేదు" అని చెప్పిరి. ఎవ్వరును నవ్వలేదు. మరుసటి సంవత్సరము కంచెకు మొదట, మొక్కలకు తరువాత ఇచ్చితిమి. నేడు ఆ కానుగల నీడలోనే మీ సైకిళ్లు, మోటారు సైకిళ్లు నిలిచియున్నవి. బస్ స్టేజి వద్ద వేసవిలో పెట్టు చలివేంద్రము గూడ ఇట్లే మొదలైనది. రెండు రంజనులకు, నాలుగు ముంతలకు, పైన తాటియాకు పందిరికి అయిన సొమ్ము మాత్రమే మనము ఇచ్చితిమి. నీరు మోయు పని తామే చేసెదమని ఆ వాడ స్త్రీలు ముందుకు వచ్చిరి.

ఇన్నేండ్ల ఈ అనుభవమున నేను నేర్చినది మూడు మాటలు. చిన్న సహాయమునకు ప్రాణము కాలము. ఆలస్యమైనచో అది సహాయము కాదు. దాని బలము నమ్మకము. అడిగినవానిని దొంగవలె ప్రశ్నించినచో మంచివాడు మరల రాడు. దాని రక్షణ బహిరంగమైన లెక్క. ఎవరికి ఎంత ఇచ్చితిమో, పని ఏమాయెనో ఊరంతటికి తెలిసినచో నమ్మకము చెడదు.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఈ నేల ఎరిగినదే. మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలుగా ఏర్పడినవి గాని, చెరువుల వలన, పాటల వలన ఇవి ఎప్పుడును ఒక్కటే. మహబూబాబాదు జిల్లా బయ్యారము చెరువును కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరిడెను. భూపాలపల్లి జిల్లా గణపురమున కాకతీయుల నాటి గణపసముద్రము కలదు. ఇవి రాజబంధువులును గొప్పవారును చేసిన పెద్ద దానములు. అయితే ఊరూర నున్న చిన్న కుంటల మాటయేమి? వాటికై మన పూర్వులు దశబంధమను ఏర్పాటు చేసికొనిరి. చెరువునో కాలువనో త్రవ్వించినవానికి, దానిని బాగుచేయువానికి, దాని క్రింది సాగుభూమిలో సామాన్యముగా పదియవ వంతు మాన్యముగా లభించెడిది. చెరువు నిండినంతకాలము ఆతని చేను పండును. చెరువు తెగినచో ఆతని చేనును ఎండును. కనుక ఇచ్చినవారికిని, పుచ్చుకొన్నవారికిని, ఊరికిని క్షేమము ఒక్కటే అయినది.

కళలకును ఇట్టి ఏర్పాటే ఉండెడిది. చిందు భాగవతులకు ఫలాన ఊళ్లు ఫలాన మేళమువారివని మిరాశి హక్కులుండెడివి. ఏటికొకసారి మేళము వచ్చి ఆట ఆడును. ఆ వాడవారు ధాన్యమో, రూకలో, బట్టలో ఇత్తురు. ఒక్కొక్క ఇంటివారు ఇచ్చినది స్వల్పమే. ఆ స్వల్పము ఊరూర కూడినందువలననే ఆ యక్షగానము తరతరములు బ్రతికినది. జనగామ జిల్లా దేవరుప్పుల మండలము అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారులు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ పురస్కారము లభించినది. మనమందరము సంతోషించితిమి. అయితే ఆ పురస్కారమునకు వెనుక ఎన్ని ఊళ్ల చాటెడు ధాన్యము, ఎన్ని రాత్రుల దీపపు నూనె ఉన్నవో తలచుకొనవలెను. మిరాశి పద్ధతిలో కులపు కట్టుబాట్లు ఉండెడివి. అవి పోవలసినవే, మరల రావలెనని నేను కోరను. కట్టుబాటుతో పాటు ఆ చాటెడు ధాన్యము గూడ పోయినది. ఆ ఖాళీని సమానత్వముతో, గౌరవముతో ఎవరు పూరింతురు? అదియే నేను మీ ముందుంచు ప్రశ్న.

మహబూబాబాదు జిల్లా డోర్నకల్లునకు పోయినవారు అచ్చటి ఎపిఫనీ కెథెడ్రల్‌ను చూచియుందురు. గుమ్మటములు, స్తంభములు కలిగి, ఈ దేశపు గుడుల, మసీదుల పోలికలు గల దేవాలయమది. 1939 జనవరిలో ప్రతిష్ఠింపబడినది. 1912లో అచ్చటి బిషప్పైన వి. ఎస్. అజరయ్యగారు, అంతకు పూర్వము 1903లో తిరునల్వేలిలో భారతీయుల ధనముతో, భారతీయుల చేతనే నడువవలెనని ఒక సంఘమును స్థాపించినవారిలో ఒకరు. ఆ ప్రాంతపు సంఘములలో పేద స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసి కుండలో వేసి, వారాంతమున తెచ్చి అర్పించు ఆచారము ఉండెడిది. కూలి చేసి బ్రతుకు ఇల్లాలికి రూపాయి కష్టము. పిడికెడు బియ్యము కష్టము కాదు. మతము ఏదైనను ఈ పద్ధతి అందరును నేర్వదగినది. ఇచ్చునది తక్కువైనను ఇచ్చినవారు అనేకులైనచో, పని అందరిదగును.

ఇక మన గ్రంథాలయముల పుట్టుక మాట. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901 సెప్టెంబరు 1న రావిచెట్టు రంగారావుగారి గృహమున వెలసినది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము ఏర్పడినది. తరువాతి కాలమున ఈ సంస్థానములో సభ జరుపుటకు సర్కారు అనుమతి కావలెనని గస్తీ నిషాన్ 53 శాసించినది. అట్టి రోజులలో తెలుగు పుస్తకమును బ్రతికించినది దాతల ఔదార్యమే గాక, సామాన్యుల చందాలు గూడ. 1922లో నేటి మహబూబాబాదు జిల్లాలోని ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు 'తెనుగు' అను వారపత్రికను వెలువరించిరి. పట్టణము కాదు, పల్లె! అచ్చటనే అచ్చుయంత్రము నెలకొల్పి నడిపిరి. తెలంగాణమున కవులే లేరను మాటకు సమాధానముగా 1934లో సురవరము ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవుల రచనలను ప్రకటించిరి. ఆ కవులు పంపిన కాగితములను ఒకచోట చేర్చి అచ్చువేయకున్నచో, ఆ మాట నిజమనియే లోకము నమ్మియుండెడిది. మన ఒగ్గుకథకుని ఆరు రాత్రుల కథకు అట్టి కాగితము గూడ లేకపోయెను.

ఇతర దేశముల వారు ఏమి చేయుచున్నారో గూడ చూతము. అమెరికా ధనికుడు ఆండ్రూ కార్నెగీ సొమ్ముతో ప్రపంచమున రెండువేల ఐదువందలకు పైగా గ్రంథాలయ భవనములు లేచినవి. ఆయన నియమమొకటి గమనింపదగినది. స్థలము ఊరివారే చూపవలెను. తానిచ్చిన ధనములో పదియవ వంతును ఏటేట ఊరివారే నిర్వహణకు వ్యయపరుపవలెను. మన దశబంధములోను పదియవ వంతే! పోషణ లేని దానము నిలువదని ఇరువురును ఎరిగిరి. 2009లో అదే దేశమున బోస్టను నగరములో కొందరు స్నేహితులు వేరొక మార్గము కనిపెట్టిరి. పదిమంది చేరి నెలకు ఒక్కొక్కరు నూరు డాలర్లు వేసికొందురు. వచ్చిన ప్రతిపాదనలలో తమకు నచ్చిన ఒకదానికి ఆ వేయి డాలర్లు ఇత్తురు. తిరిగి ఇయ్యనక్కరలేదు, వాటా అడుగరు, షరతు పెట్టరు. దానికి ఆసమ్ ఫౌండేషన్ అని పేరిడిరి. పద్ధతి సులభమగుటచేత ఇతర నగరములవారు, ఇతర దేశములవారు గూడ దానిని అనుసరించిరి. అది డాలర్ల లెక్క. మన ఊరికి రూపాయల లెక్క చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. విరాళము హక్కునకు మారు కాదు. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి మనము కట్టు ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చెల్లించుచున్నాము. 1972లో కలకత్తాలో ఏర్పడిన రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ సంస్థ, రాష్ట్రము తన వంతు వేసినచో తానును వేసి పుస్తకములకు, బీరువాలకు సహాయము చేయుచున్నది. ఇవి మన సొమ్ము, మన హక్కు. వీటిని అడిగి తెచ్చుకొనవలెను. రోడ్డు, మంచినీరు, వైద్యము ప్రభుత్వము చేయవలసిన పనులు. మన చిన్న నిధితో వాటిని కప్పిపుచ్చరాదు. ప్రభుత్వపు దృష్టికి రానంత చిన్నవి, ఊరికి మాత్రము పెద్దవి అయిన పనులకే ఈ నిధి. డోలుకు తోలు, పాటలకు నోటు పుస్తకము, పెంబర్తి ఇత్తడిపని నేర్చుకొన గోరు బాలునికి నాలుగు ఉలులు, నాటకమునకు తెర, చూపు తగ్గిన అవ్వకు కళ్లద్దములు, ఇట్టివి.

ఇక నా ప్రార్థన. రజతోత్సవ నిధిలో సగమునైనను బ్యాంకులో మూలధనముగా ఉంచి, దాని వడ్డీని ఇందుకు వినియోగింతము. దానికి తోడు పది కుటుంబములవారు నెలకు నూరు రూపాయల చొప్పున వేసినచో సంవత్సరమునకు 12,000 రూపాయలగును. నూరు ఇయ్యలేనివారు పది ఇయ్యవచ్చును. పదియు ఇయ్యలేనివారు పిడికెడు బియ్యము ఇయ్యవచ్చును, చలివేంద్రమువారికి అంబలి కాచుటకు అవియు కావలసినవే. ఒక్కొక్క సహాయము 2,000 రూపాయలకు మించరాదు. నోటితో అడిగినను చాలును. వ్రాసికొనుట కార్యదర్శి పని. ఏడు రోజులలోపల ఔననియో కాదనియో చెప్పవలెను. నిర్ణయించు ఐదుగురిలో ఇరువురు స్త్రీలు, దళితవాడ నుండి ఒకరు, తండా నుండి ఒకరు తప్పక ఉండవలెను. తన బంధువు అడిగినపుడు ఆ సభ్యుడు లేచి వెలుపలికి పోవలెను. ప్రతి అమావాస్యనాటి సాయంకాలము ఇచ్చినదియు, అయినదియు ఇదే అరుగుపై చదివి వినిపింపవలెను. పని చెడినవానిని అవమానింపరాదు. లెక్క చెప్పనివానికి మరల ఇయ్యరాదు.

తోరణము కోరువారిపై నాకు కోపము లేదు. ఊరికి అందము కావలెనని వారు కోరుచున్నారు. అది మంచి కోరికయే. అయితే తోరణము పది సంవత్సరముల పిదప కట్టినను అట్లే ఉండును. మన ఊరిలో ఇంకను ఇద్దరు అవ్వలు ఉన్నారు. పొరుగూరిలో పటము కథ చెప్పు ముసలాయన ఒకడున్నాడు. ఆయన పటము అంచులు చినిగియున్నవని విన్నాను. వారు పది సంవత్సరములు ఆగలేరు. నేను ఒకసారి ఆగుమని చెప్పినవాడను గనుక, ఆ మాట మరల ఈ గ్రంథాలయము నుండి వెలువడరాదని కోరుచున్నాను.

సమావేశమునాడు మీకు తోచిన విధముగా నిర్ణయింపుడు. నిర్ణయము ఏదైనను శిరసావహింతును. అయితే ఆనాడు వచ్చుటకు ముందు ఒక్కసారి ఆ పాత లెక్కల పుస్తకము తెరచి 740 రూపాయల పద్దును చూచి రండని మాత్రము వేడుకొనుచున్నాను. పుస్తకము బీరువా పై అరలో, ఎడమ ప్రక్కన ఉన్నది.